కొట్టంలో మూలన పడ్డ సైకిలు



ఈ పాఠంలో ఒక సైకిలు కథ ఉంది. కథతో పాటు ఒక పని కూడా ఉంది. నిదానంగా చదవండి. చదివాక పక్కవాళ్ళకు చదివి వినిపించండి. తర్వాత మీ ఇంట్లో మూలన పడి ఉన్న సైకిలు ఏమైనా ఉందేమో చూడండి.

1. నాలుగు కిలోమీటర్ల దారి

మా ఊరు సముద్రానికి దగ్గర. పగలు నేను పిల్లలకు పాఠం చెబుతాను. సాయంత్రం అదే బడి వరండాలో పెద్దవాళ్ళకు చెబుతాను. పది మంది అక్కలు పలకలు, పుస్తకాలు పట్టుకొని వస్తారు.

ఒక శనివారం ఒక అక్క ఆలస్యంగా వచ్చింది. ముఖం చిన్నబోయి ఉంది.

"ఏమైందక్కా?" అని అడిగాను.

"ఏం చెప్పమంటావు టీచరమ్మా! మా పిల్ల బడి మానేస్తానంటోంది. హైస్కూలు నాలుగు కిలోమీటర్లాయె. పొద్దున పూట బస్సు లేదు. ఇంట్లో పని చేసి, నడిచి పోయేసరికి మొదటి పాఠం అయిపోతోంది. రోజూ ఆలస్యమేనని బయట నిలబెడుతున్నారంట. సిగ్గుగా ఉందమ్మా, నేను పోను అని ఏడుస్తోంది."

"ఇంట్లో సైకిలు లేదా అక్కా?"

"ఉంది. దాని నాయన సైకిలు. ఆయన పోయి నాలుగేళ్ళు. అప్పటి నుంచి గొడ్ల కొట్టంలోనే పడుంది. అంతా తుప్పు. రేపు పాత ఇనుప సామాన్లు కొనే అతను వస్తాడు. ఇచ్చేద్దామనుకుంటున్నా."

ఆ మాట అంటుంటే ఆమె గొంతు వణికింది.

"ఇవ్వొద్దు అక్కా. రేపు ఆదివారమే గదా. నేను వచ్చి చూస్తాను" అన్నాను.

2. తుప్పు అంటే ఏమిటి?

తెల్లారి వెళ్ళి చూశాను. హ్యాండిల్ ఎర్రగా ఉంది. రిమ్ములు ఎర్రగా ఉన్నాయి. బెల్లు మూత మోగటం లేదు. ఒకప్పుడు ఇవన్నీ అద్దంలా మెరిసినవే.

ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. గాలిలో ఉండే ఆక్సిజన్ తడి సాయంతో ఇనుముతో కలుస్తుంది. ఆ కలిసిన పదార్థమే ఎర్రటి తుప్పు. ఉప్పు తోడైతే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. అందుకే సముద్రం పక్క ఊళ్ళలో తుప్పు ఎక్కువ. గొడ్ల కొట్టంలో ఎప్పుడూ చెమ్మ. పేడ, పంచితం వల్ల ఇనుము ఇంకా పాడవుతుంది.

మరి హ్యాండిల్ మీద మెరిసేది ఇనుము కాదు గదా, దానికి తుప్పు ఎందుకు పట్టింది? మా అక్క ఇదే అడిగింది. మంచి ప్రశ్న.

సైకిలు హ్యాండిలు, రిమ్ములు ఉక్కుతో చేస్తారు. దాని మీద నికెల్ పూత వేస్తారు. నికెల్ మీద క్రోమియం పూత వేస్తారు. క్రోమియం అనేది ఒక లోహం. మన దేశంలో దీని ఖనిజం ఎక్కువగా ఒడిశాలో, జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయలో దొరుకుతుంది. సైకిలు మీద ఈ పూత చాలా పలచన. ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే, మామూలుగా అందులో ఒక్క భాగం మందం కూడా ఉండదు. అయినా చాలా గట్టిది. క్రోమియానికి ఎర్ర తుప్పు పట్టదు.

కాని పూతలో కంటికి కనపడని సన్న బెజ్జాలు ఉంటాయి. గీతలు పడతాయి. వాటిలోంచి తడి లోపలికి పోతుంది. లోపలి ఉక్కు తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. అందుకని అది ఉబ్బుతుంది. బెజ్జంలోంచి పైకి వస్తుంది. ముదిరితే పూతను పొరలు పొరలుగా లేపేస్తుంది.

అంటే పైన కనపడే ఎరుపంతా పూత పాడైపోయినట్టు కాదు. చాలాచోట్ల పూత అడుగున బాగానే ఉంటుంది. తుప్పు దాని మీద పరుచుకొని ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా తీస్తే మెరుపు మళ్ళీ బయటకు వస్తుంది.

3. నేను చేసిన తప్పు

ఇది నాకెలా తెలుసు? తప్పు చేసి నేర్చుకున్నాను.

నేను టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో మా నాన్న తన పాత సైకిలు నాకిచ్చాడు. హ్యాండిల్ మీద తుప్పు మచ్చలున్నాయి. నేను ఉప్పు కాగితం తెచ్చి గట్టిగా రుద్దాను. తుప్పు పోయింది. హ్యాండిల్ తెల్లగా వచ్చింది. భలే చేశాననుకున్నాను.

వానాకాలం వచ్చింది. పదిహేను రోజుల్లో హ్యాండిల్ మొత్తం ఎర్రబడింది. ముందు మచ్చలే ఉండేవి. ఇప్పుడు జానెడు చోటు కూడా మిగల్లేదు. ఉప్పు కాగితం తుప్పుతో పాటు పూతను కూడా గీకేసింది. పోయిన పూతను ఇంట్లో తిరిగి వేసుకోలేం.

కాబట్టి మొదటి సూత్రం ఇది: పూత కంటే మెత్తగా ఉండే దానితోనే రుద్దాలి.

అలాంటిది ఏముంది? అల్యూమినియం రేకు. చపాతీలు, బిర్యానీ పొట్లాలు చుట్టే వెండి రంగు రేకే. కిరాణా కొట్లో దొరుకుతుంది. అల్యూమినియం క్రోమియం కంటే చాలా మెత్తన. అది తుప్పును గీకుతుంది. పూతను గీకటం కష్టం.

4. ముందు చూడండి, తర్వాత చేయండి

పని మొదలుపెట్టే ముందు సైకిలును ఎండలో నిలబెట్టి చూడండి. తుప్పు మూడు రకాలుగా ఉంటుంది.

మొదటి రకం: పైపైన గోధుమ రంగు పొడిలా ఉంటుంది. వేలితో రుద్దితే అంటుకుంటుంది. ఇది పూర్తిగా పోతుంది.

రెండో రకం: చిన్న చిన్న మచ్చలు. గోరు ఆనిస్తే గుంటలు తెలుస్తాయి. తుప్పు పోతుంది. నల్లటి చుక్కలు మిగులుతాయి. ఫరవాలేదు. సైకిలు తొక్కవచ్చు.

మూడో రకం: పూత పొరలుగా లేచి ఉంటుంది. దబ్బనంతో పొడిస్తే ఇనుము లోపలికి దిగుతుంది. ఇది తోమితే బాగయ్యేది కాదు. ఆ భాగం మార్చాల్సిందే.

జాగ్రత్త! లేచిన పూత అంచు బ్లేడులా కోస్తుంది. దాని మీద చేయి పెట్టి లాగవద్దు. గాయమైతే సబ్బుతో బాగా కడగండి. ఆరోగ్య కేంద్రానికి పోయి ధనుర్వాతం సూది సంగతి అడగండి. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. మట్టిలో, పేడలో ఉండే క్రిముల వల్ల వస్తుంది. కొట్టంలో ఉన్న సైకిలుకు పేడ అంటుకొనే ఉంటుంది గదా!

5. పని చేసే పద్ధతి

కావలసినవి: ఒక బక్కెట్టు నీళ్ళు, బట్టల సబ్బు, పాత నూలు గుడ్డలు, పాత పళ్ళ బ్రష్షు, అల్యూమినియం రేకు, నిమ్మకాయంత చింతపండు, కుట్టు మిషను నూనె.

మొదటి మెట్టు. సబ్బు నీళ్ళతో సైకిలంతా కడగండి. మట్టి, పేడ, పాత జిడ్డు పోవాలి. మట్టి ఉండగా రుద్దితే ఇసుక రేణువులే పూత మీద గీతలు పెడతాయి. కడిగాక పొడిగుడ్డతో తుడిచి ఎండలో ఆరబెట్టండి.

రెండో మెట్టు. బాగా తుప్పు పట్టిన చోట నూనె రాసి ఒక రాత్రి ఉంచండి. తుప్పు నానుతుంది. కిరసనాయిలు గాని డీజిలు గాని దొరికితే అదీ పనిచేస్తుంది. అయితే ఆరుబయటే వాడాలి. పొయ్యి దగ్గర వద్దు, బీడీ వద్దు. ఆ గుడ్డలు ఇంట్లో పెట్టుకోవద్దు.

మూడో మెట్టు. తెల్లారి ఆ జిడ్డు తుడిచేయండి. రేకును అరచేయంత ముక్కలు చేయండి. ఒక ముక్కను నలిపి ఉండ చేసి నీళ్ళలో ముంచండి. తుప్పు మీద గుండ్రంగా రుద్దండి. మెల్లగా రుద్దితే చాలు. బలం చూపించవద్దు. కాసేపటికి బూడిద రంగు బురద వస్తుంది. భయపడకండి. అది తుప్పు, రేకు అరిగి కలిసిన బురద. తడిగుడ్డతో తుడిస్తే కింద మెరుపు కనపడుతుంది. రేకు అరిగిపోతే కొత్త ముక్క తీసుకోండి. తడి ఆరనివ్వకండి. తడిగా ఉంటే దుమ్ము లేవదు, ముక్కులోకి పోదు.

నాలుగో మెట్టు. సందుల్లోకి రేకు పోదు. అక్కడ పలచటి చింతపండు పులుసులో గుడ్డను తడిపి చుట్టండి. పది, పదిహేను నిమిషాలు ఉంచి పళ్ళ బ్రష్షుతో రుద్దండి. పులుపు తుప్పును కరిగిస్తుంది. ఇత్తడి చెంబు తోమినట్టే. కాని ఒక తేడా ఉంది. చెంబుకు చింతపండులో ఉప్పు కలుపుతాం. సైకిలుకు ఉప్పు కలపవద్దు. ఉప్పు తగిలితే మళ్ళీ తుప్పు పడుతుంది. పులుసును రాత్రంతా కూడా ఉంచవద్దు. తుప్పు అయిపోయాక పులుపు మంచి ఇనుమును తినటం మొదలుపెడుతుంది.

ఐదో మెట్టు. సబ్బు నీళ్ళతో మళ్ళీ కడగండి. వెంటనే పొడిగుడ్డతో తుడవండి. ఎండలో పెట్టండి. రేపు తుడుద్దాంలే అనుకుంటే రేపటికి మళ్ళీ ఎర్రబడుతుంది.

ఆరో మెట్టు. పూర్తిగా ఆరాక గుడ్డకు నాలుగు చుక్కల మిషను నూనె వేసి హ్యాండిల్, బెల్లు, పెడల్ రాడ్ల మీద పలచగా రాయండి. గాలికీ తడికీ అది అడ్డుగోడ. వంటనూనె వద్దు. అది కొన్నాళ్ళకు జిగురుగా మారి దుమ్ము పడుతుంది.

6. చేయకూడనివి

ఉప్పు కాగితంతో రుద్దవద్దు. గిన్నెలు తోమే ఇనుప పీచుతో గట్టిగా రుద్దవద్దు.

మరుగుదొడ్డి కడిగే యాసిడ్ వాడవద్దు. అది క్రోమియాన్ని కూడా తింటుంది. దాని ఆవిరి గొంతుకు, కళ్ళకు మంట. యాసిడ్‌లో బ్లీచింగు పొడి కలిస్తే విషవాయువు పుడుతుంది. ప్రాణానికే ముప్పు.

పెయింటు మీద రేకు రుద్దవద్దు. పెయింటు లేచిపోతుంది.

ఇంట్లో క్రోమియం పూత వేయాలని చూడవద్దు. పూత వేసే చోట వాడే మందుల్లో కేన్సరు తెచ్చే రకాలున్నాయి.

7. ఆ ఆదివారం ఏమైంది?

నేను, అక్క, ఆమె కూతురు ముగ్గురం కూర్చున్నాం. సబ్బు నీళ్ళతో మొదలుపెట్టాం. పిల్ల హ్యాండిలు తోమింది. అక్క చైన్‌కవరు మీద గట్టిపడిన మట్టిని గుడ్డతో నానబెట్టి తుడుస్తోంది.

మట్టి కింద అక్షరాలు బయటపడ్డాయి. తెల్ల పెయింటుతో ఎవరో రాసిన పేరు. అక్క చేయి ఆగింది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. అది ఆమె భర్త పేరు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ సైకిలు ఆమె కళ్ళ ముందే తిరిగింది. దాని మీద ఏం రాసుందో ఆమెకు తెలియదు. మొగుడి పేరు పలకకూడదని ఎన్నడూ నోటితో అనలేదు. ఆ రోజు చదివింది.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆమె, "దీని మీద రేకు రుద్దబాకండి. పేరు పోయిద్ది" అంది.

మధ్యాహ్నం పాత ఇనుప సామాన్లు కొనే అతను వచ్చాడు. "ఇచ్చేది లేదులే" అని అక్క పంపించేసింది.

ఆ రాత్రి నూనె రాసి ఉంచాం. మర్నాడు సాయంత్రం రేకు పట్టుకున్నాం. హ్యాండిల్ మీద తుప్పు పోయింది. నల్ల చుక్కలు కొన్ని మిగిలాయి. బెల్లు మూత విప్పి, లోపల తోమి, నూనె చుక్క వేస్తే మోగింది. వెనక రిమ్ము బాగానే ఉంది. ముందు రిమ్ము మీదే నాకు అనుమానం వచ్చింది. సైకిల్ షాపు తాతకు చూపించాం. ఆయన పుల్లల బెజ్జాల దగ్గర దబ్బనంతో పొడిచాడు. దబ్బనం దిగింది.

"అమ్మా, దీన్ని తోమితే మెరిసిద్ది. కాని మనిషిని మోయదు" అన్నాడు.

కొత్త రిమ్ము, రెండు టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు కొనాలి. అక్క పొదుపు సంఘంలో అప్పు అడిగింది. సంఘం వాళ్ళు కాగితం ముందు పెట్టారు. ఎప్పుడూ వేలిముద్ర వేసే మనిషి. ఈసారి కాగితం చేతిలోకి తీసుకుంది. ఎంత అప్పు, ఎంత వడ్డీ, ఎన్ని నెలలు అని చదువుకుంది. ఆ తర్వాతే సంతకం చేసింది.

8. మెరుపు ముఖ్యమా? బ్రేకు ముఖ్యమా?

సైకిలు తయారైంది. అక్క తమ్ముడు సంతోషం కొద్దీ రిమ్ములకు కూడా నూనె పట్టించాడు. ఇంక తుప్పు రాదులే అనుకున్నాడు. పిల్ల చెరువు కట్ట మీద నుంచి కిందికి వస్తూ బ్రేకు పట్టింది. బ్రేకు పడలేదు. సైకిలు ఇసుకలోకి పోయి పడింది. మోకాలు గీసుకుపోయింది. అదృష్టం, అటు పక్కన లారీల రోడ్డు లేదు.

మన పాత రకం సైకిళ్ళకు రాడ్డు బ్రేకులు ఉంటాయి. బ్రేకు రబ్బరు రిమ్ము లోపలి వైపు, పుల్లలు ఉన్న వైపు, ఒరుసుకుంటుంది. అక్కడ నూనె ఉంటే రబ్బరు జారుతుంది. కాబట్టి రబ్బరు ఒరుసుకునే చోట నూనె చుక్క కూడా ఉండకూడదు. పొరపాటున అంటితే సబ్బు నీళ్ళతో రెండుసార్లు కడగండి. రబ్బర్లు కూడా కడగండి. సైకిలు ఎక్కే ముందు నడిపించుకుంటూ పోయి బ్రేకు పట్టి చూడండి. వానలో తడిసిన రిమ్ము మీద కూడా బ్రేకు ఆలస్యంగా పడుతుంది. నిదానంగా పోవాలి.

ఇప్పుడా పిల్ల రోజూ సైకిలు మీద బడికి పోతోంది. ఆలస్యం లేదు. బయట నిలబడటం లేదు. వారానికి ఒకసారి సైకిలు తుడుస్తుంది. వానలో తడిస్తే ఇంటికి రాగానే తుడుస్తుంది. సైకిలు ఇప్పుడు కొట్టంలో లేదు. పంచలో ఉంది.

9. ఇంకో జిల్లా సంగతి

తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్. ఆ ఉద్యమంలో చదువుతో పాటు ఆడవాళ్ళకు సైకిలు తొక్కటం కూడా నేర్పారు. పొలం కూలీలు, రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళు, నర్సులు నేర్చుకున్నారు. 1992లో మహిళా దినోత్సవం నాడు పదిహేను వందల మందికి పైగా ఆడవాళ్ళు సైకిళ్ళ మీద ఊరేగింపుగా వెళ్ళారు. ఎవరో తీసుకుపోయేదాకా ఆగకుండా, ఎవరి పనికి వాళ్ళు పోవటం మొదలుపెట్టారు.

ఈ సంగతి చదివి వినిపించిన రోజు మా అక్క ఏమన్నదో తెలుసా? "ఆదివారాలు సైకిలు ఖాళీయే గదా టీచరమ్మా, నేనూ నేర్చుకుంటా" అంది. ఇప్పటికి రెండుసార్లు పడింది. మూడోసారి ఎక్కింది.

10. లెక్క చేద్దాం

బడి 4 కిలోమీటర్ల దూరం. నడిస్తే 60 నిమిషాలు. సైకిలు మీద 20 నిమిషాలు.

ఒకసారి పోవటంలో మిగిలేది: 60 – 20 = 40 నిమిషాలు.
పోను రాను ఒక రోజుకు మిగిలేది: 40 + 40 = 80 నిమిషాలు.
వారానికి 6 రోజుల బడి: 80 × 6 = 480 నిమిషాలు. అంటే 8 గంటలు.

ఆ 8 గంటల్లో మీ పిల్ల ఏమేం చేయవచ్చు? రాయండి.

పాత సైకిళ్ళకు మామూలుగా ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు ఉంటాయి. మొత్తం ఎన్ని? ఒక్కో పుల్ల తుడవటానికి ఒక నిమిషం పడితే అన్నీ తుడవటానికి ఎన్ని నిమిషాలు? గంట కంటే ఎక్కువా, తక్కువా?

11. మీరే చేసి చూడండి

నాలుగు గాజు సీసాలు, నాలుగు కొత్త ఇనుప మేకులు తీసుకోండి.
మొదటి సీసాలో మేకు వేసి, పొడిగా ఉంచి, మూత గట్టిగా పెట్టండి.
రెండో దానిలో మేకు సగం మునిగేటట్టు మామూలు నీళ్ళు పోయండి.
మూడో దానిలో అలాగే ఉప్పు నీళ్ళు పోయండి.
నాలుగో దానిలో, బాగా మరిగించి కొంచెం ఆరిన నీళ్ళు మేకు మునిగేటట్టు పోసి, పైన నూనె పోయండి.
వారం రోజులు రోజూ చూడండి. ఏ మేకుకు ముందు తుప్పు పట్టింది? దేనికి పట్టలేదు? ఎందుకు? మీ కేంద్రంలో మాట్లాడుకోండి.

12. ప్రశ్నలు

1. తుప్పు పట్టాలంటే ఇనుముకు ఏవి రెండు తగలాలి?
2. ఉప్పు కాగితంతో రుద్దితే ఏమవుతుంది?
3. చింతపండులో ఉప్పు ఎందుకు కలపకూడదు?
4. రిమ్ము మీద ఎక్కడ నూనె రాయకూడదు? ఎందుకు?
5. "తోమితే మెరిసిద్ది, కాని మనిషిని మోయదు" అని తాత ఎందుకన్నాడు?
6. మీ ఇంట్లో మూలన పడి ఉన్న వస్తువు ఒకటి చెప్పండి. అది ఎవరిది? దాన్ని మళ్ళీ ఎలా వాడవచ్చు? అయిదు వాక్యాలు రాయండి. కింద మీ పేరు, మీ ఊరి పేరు రాసి సంతకం చేయండి.